ఒకేలా కనిపించే డ్రా స్పెల్స్‌లో మీ డెక్‌కి సరిపోయేది ఎంచుకోవడం ఎలా

పాండర్ మంచిదా, ప్రీఆర్డెయిన్ మంచిదా? ఆప్ట్ తీసేసి కన్సిడర్ పెట్టొచ్చా? బ్రెయిన్‌స్టార్మ్ అంత గొప్పదైతే నా డెక్‌లో ఎందుకు పనిచేయట్లేదు? మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డు ఆటలో నీలం డెక్ కట్టే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఇవి అడుగుతారు, జవాబుగా ఎవరో ఒకరు ఒక ర్యాంకింగ్ లిస్టు పడేస్తారు. ఆ లిస్టు మీ డెక్‌ని చూసి రాసింది కాదు. కార్డు పక్కన కార్డు పెట్టి చూస్తే ఏదీ తేలదు, మీరు ఆ స్పెల్ వేసే టర్న్‌లో మీకు ఏం కావాలో ముందు రాసుకుని, అప్పుడు రెండు కార్డుల్నీ ఆ టర్న్‌లో పెట్టి చూడాలి.

కింద ఉన్న మెట్లు వరసలోనే వెళ్లండి. మొదటి రెండింట్లోనే చాలా కార్డులు పోటీలోంచి తప్పుకుంటాయి, అనవసరంగా లెక్కలు వేసే పని తగ్గుతుంది.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఫోన్‌లో నోట్స్ అయినా, కాగితమైనా సరే, ఇవన్నీ ఎదురుగా ఉండాలి:

- డెక్‌లిస్ట్ మొత్తం, ఏ కార్డు ఎన్ని కాపీలో అంకెలతో సహా
- ఆడబోయే ఫార్మాట్ (ఏ కార్డులు ఆడొచ్చో చెప్పే పద్ధతి: లెగసీ, మోడర్న్, పాపర్ లాంటివి), దాని తాజా బ్యాన్ లిస్ట్
- పోల్చే కార్డుల ప్రస్తుత అధికారిక టెక్స్ట్. పాత ప్రింట్ల మీద మాటలు వేరుగా ఉండొచ్చు, వాటిని నమ్మొద్దు
- లైబ్రరీని (ఇంకా డ్రా చేయని కార్డుల కట్టని) షఫుల్ చేసే కార్డులు మీ డెక్‌లో ఎన్ని
- గ్రేవ్‌యార్డ్‌ని (వాడేసిన, పారేసిన కార్డులు పడే కుప్పని) వాడుకునే కార్డులు ఎన్ని
- ఒక వాక్యం: "ఈ స్పెల్ నాకు ఫలానా టర్న్‌లో ఫలానాది వెతికిపెట్టాలి"

చివరిది రాయడానికి చాలామంది బద్ధకిస్తారు. అది లేకపోతే మిగతా మెట్లన్నీ దండగ. "రెండో టర్న్‌లో రెండో ల్యాండ్ కావాలి" (ల్యాండ్ అంటే స్పెల్స్ ఖర్చుకి కావలసిన మానా ఇచ్చే కార్డు) అనేది ఒక పని, "ఐదో టర్న్‌లో బోర్డు మొత్తం ఊడ్చేసే కార్డు కావాలి" అనేది ఇంకో పని. ఈ రెండు పనులకీ ఒకే కార్డు బెస్ట్ కాకపోవచ్చు.

ఫార్మాట్ సంగతి త్వరగా తేల్చేయండి. బ్రెయిన్‌స్టార్మ్ లెగసీలో నాలుగు కాపీలు ఆడొచ్చు, వింటేజ్‌లో ఒక్కటే, మోడర్న్‌లో అసలు లేదు. మోడర్న్‌లో పాండర్, ప్రీఆర్డెయిన్ రెండూ 2011లో బ్యాన్ అయ్యాయి, ప్రీఆర్డెయిన్‌ని మాత్రం 2023 ఆగస్టులో వెనక్కి తెచ్చారు. పాపర్‌లో మూడూ ఆడొచ్చు. బ్యాన్ లిస్టులు మారుతూనే ఉంటాయి కాబట్టి డెక్ కట్టే రోజున మళ్లీ ఒకసారి చూసుకోండి.

2. కార్డు మీద ఉన్న క్రియలు ఒక్కొక్కటిగా చదవండి

ఒకే మానాకి వచ్చే ఈ స్పెల్స్ మధ్య తేడా అంతా ఒక్క మాటలోనో, రెండు మాటల వరసలోనో ఉంటుంది. అందుకే ప్రతి కార్డునీ చిన్న చిన్న పనులుగా విడగొట్టి రాసుకోండి. ఇన్‌స్టంట్ అంటే ప్రత్యర్థి టర్న్‌లో కూడా వేయగలిగేది, సోర్సరీ అంటే మీ టర్న్‌లోనే వేసేది. అన్నీ ఒక నీలం మానావే:

- బ్రెయిన్‌స్టార్మ్ (ఇన్‌స్టంట్): మూడు కార్డులు డ్రా చెయ్యి, తర్వాత చేతిలోంచి ఏవైనా రెండు కార్డులు లైబ్రరీ పైన పెట్టు
- పాండర్ (సోర్సరీ): పై మూడు చూడు, నచ్చిన వరసలో పైనే పెట్టు, కావాలంటే షఫుల్ చెయ్యి, ఒకటి డ్రా చెయ్యి
- ప్రీఆర్డెయిన్ (సోర్సరీ): స్క్రై 2 (పై రెండు చూసి, ఒక్కోదాన్ని పైనే ఉంచు లేదా అడుక్కి పంపు), తర్వాత ఒకటి డ్రా చెయ్యి
- సీరమ్ విజన్స్ (సోర్సరీ): ఒకటి డ్రా చెయ్యి, తర్వాత స్క్రై 2
- ఆప్ట్ (ఇన్‌స్టంట్): స్క్రై 1, ఒకటి డ్రా చెయ్యి
- కన్సిడర్ (ఇన్‌స్టంట్): సర్వేల్ 1 (పైది చూసి, పైనే ఉంచు లేదా గ్రేవ్‌యార్డ్‌లో వెయ్యి), ఒకటి డ్రా చెయ్యి
- స్లైట్ ఆఫ్ హ్యాండ్ (సోర్సరీ): పై రెండు చూసి ఒకటి చేతిలోకి తీసుకో, రెండోది అడుక్కి

ఇలా రాసుకున్నాక మూడు చోట్ల జాగ్రత్తగా చూడండి.

ఒకటి, బ్రెయిన్‌స్టార్మ్‌లో వెనక్కి పెట్టేది కొత్తగా డ్రా చేసిన మూడింట్లోంచే కానక్కర్లేదు. చేతిలో మొదట్నుంచీ మూలుగుతున్న పనికిరాని కార్డుల్ని కూడా పెట్టొచ్చు, అసలు దాని బలమంతా అక్కడే ఉంది.

రెండు, పాండర్‌లో ఒక్కో కార్డుని విడివిడిగా వదిలించుకునే దారి లేదు. మూడూ పైన ఉంచాలి, లేదా మూడూ కలిపేయాలి. స్క్రైలో అయితే ఒకటి పైన ఉంచి ఒకటి అడుక్కి పంపొచ్చు. పాండర్ మూడు కార్డులు చూస్తుంది కాబట్టి రెండు చూసే ప్రీఆర్డెయిన్ కంటే ఎప్పుడూ మేలే అనుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

మూడు, స్లైట్ ఆఫ్ హ్యాండ్‌లో "డ్రా" అనే మాట లేదు, చేతిలోకి తీసుకోవడమే. డిగ్ త్రూ టైమ్ కూడా అంతే. ఈ తేడా ఎక్కడ అక్కరకొస్తుందో 7వ మెట్టులో వస్తుంది.

3. చేతిలో ఎన్ని మిగులుతాయో లెక్క వేయండి

స్పెల్ వేస్తే ఆ కార్డు చేతిలోంచి పోతుంది కదా, దాన్ని కూడా కలిపి లెక్కపెట్టాలి. ఇది మర్చిపోయి "మూడు డ్రా చేస్తుంది" అని మురిసిపోయేవాళ్లు చాలామంది.

- పైన చెప్పిన ఏడూ: సున్నా. ఒకటి పోయి ఒకటి వస్తుంది. బ్రెయిన్‌స్టార్మ్ కూడా అంతే, ఒకటి పోయి మూడొచ్చి రెండు వెనక్కి వెళ్తాయి
- డివినేషన్, నైట్స్ విస్పర్, సైన్ ఇన్ బ్లడ్: ప్లస్ 1
- ట్రెజర్ క్రూజ్: ప్లస్ 2
- టార్మెంటింగ్ వాయిస్, థ్రిల్ ఆఫ్ పాసిబిలిటీ: సున్నా
- ఫెయిత్‌లెస్ లూటింగ్, కేర్‌ఫుల్ స్టడీ: మైనస్ 1 (లూటింగ్‌ని ఫ్లాష్‌బ్యాక్‌తో, అంటే గ్రేవ్‌యార్డ్‌లోంచి మళ్లీ, వేసినప్పుడు సున్నా)

సున్నా కార్డునీ ప్లస్ 1 కార్డునీ ఒకే స్లాట్ కోసం పోటీ పెట్టకండి. మొదటిది మీకు కావలసింది వెతికిపెడుతుంది, రెండోది కార్డుల సంఖ్య పెంచుతుంది. ప్రత్యర్థితో ఒకటికి ఒకటి మార్చుకుంటూ పోయే నిదానమైన డెక్‌కి సంఖ్య కావాలి. నాలుగో టర్న్‌కి ఆట ముగించేద్దామనుకునే డెక్‌కి డివినేషన్ కోసం మూడు మానా పెట్టే తీరికే ఉండదు.

ఎరుపు కార్డుల దగ్గర ఇంకో మెలిక ఉంది. టార్మెంటింగ్ వాయిస్‌లో కార్డు పారేయడం అదనపు ఖర్చు, అంటే స్పెల్ వేసేటప్పుడే పారేయాలి. ప్రత్యర్థి దాన్ని కౌంటర్ చేస్తే (రద్దు చేస్తే) రెండు కార్డులు పోయి చేతికి ఏమీ రాదు. ఫెయిత్‌లెస్ లూటింగ్‌లో ముందు రెండు డ్రా చేసి, చూసుకుని, తర్వాత రెండు పారేస్తారు. పైగా చేతిలో ఇంకో కార్డు లేకపోతే వాయిస్ అసలు వేయలేరు, లూటింగ్ వేయగలరు. థ్రిల్ ఆఫ్ పాసిబిలిటీ అచ్చం వాయిస్ లాంటిదే, కాకపోతే ఇన్‌స్టంట్. ఈ రెంటి మధ్య ఇక ఆలోచించేదేం లేదు, థ్రిల్ పెట్టుకోండి.

4. ఈ టర్న్‌లోనే ఎంత లోతుకి వెళ్తుంది

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే మెట్టు ఇదే. మీకు కావలసిన కార్డు ఇప్పుడే చేతికి రావాలి, వచ్చే టర్న్‌కి కాదు. అలాంటప్పుడు ఒక్కో స్పెల్ ఎన్ని కార్డుల లోతు వరకు వెతగ్గలదు?

- సీరమ్ విజన్స్: 1 (డ్రా ముందే అయిపోతుంది, స్క్రై తర్వాతి టర్న్‌లకే)
- ఆప్ట్, కన్సిడర్, స్లైట్ ఆఫ్ హ్యాండ్: 2
- ప్రీఆర్డెయిన్: 3 (రెండూ అడుక్కి పంపి మూడోది గుడ్డిగా తీసుకోవచ్చు)
- బ్రెయిన్‌స్టార్మ్: 3
- పాండర్: 3, నచ్చకపోతే షఫుల్ చేసి నాలుగోది

ఇప్పుడు దీన్ని శాతాల్లోకి మార్చండి. లైబ్రరీలో 50 కార్డులు ఉన్నాయి, మీకు కావలసినది 4 కాపీలు ఉంది, ఒక్కటీ ఇంకా రాలేదు అనుకుందాం. అది ఈ టర్న్‌లోనే చేతికొచ్చే అవకాశం ఇలా ఉంటుంది:

- సీరమ్ విజన్స్: 8 శాతం
- ఆప్ట్ రకం కార్డులు: సుమారు 15.5 శాతం
- ప్రీఆర్డెయిన్, బ్రెయిన్‌స్టార్మ్: సుమారు 22.6 శాతం
- పాండర్: సుమారు 28.7 శాతం

అదే 50 కార్డుల్లో 20 ల్యాండ్లు ఉండి, మీకు కావలసింది ఏదో ఒక ల్యాండ్ అయితే వరసగా 40, 64.5, 79.3, 87.6 శాతం.

రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగే ఉన్న కార్డు కోసం వెతికేటప్పుడు ఆప్ట్ కంటే పాండర్ దాదాపు రెట్టింపు పని చేస్తోంది. ల్యాండ్ కోసమైతే ఆ దూరం అంత లేదు, ఆప్ట్ కూడా మూడుసార్లలో దాదాపు రెండుసార్లు గట్టెక్కిస్తుంది. అందుకే కాంబో డెక్‌లకి (ఫలానా కార్డులు కలిస్తేనే గెలిచేవాటికి) లోతు ప్రాణం. ల్యాండ్లు సమంగా పడుతూ ఉంటే చాలనుకునే డెక్‌లు లోతు కొంచెం వదులుకుని, బదులుగా ఇన్‌స్టంట్ వేగం తీసుకోవచ్చు.

మీ అంకెలతో లెక్క వేయడం కష్టమేం కాదు. లైబ్రరీ 50, కావలసినవి 4, లోతు 3 అయితే, దొరక్కపోయే అవకాశం 46/50 × 45/49 × 44/48. దాన్ని ఒకటిలోంచి తీసేయండి. పాండర్‌కి అయితే దొరక్కపోయే అంకెని ఇంకోసారి 46/50తో గుణించాలి, ఎందుకంటే షఫుల్ అయ్యాక లైబ్రరీ మళ్లీ 50 కార్డులే.

సీరమ్ విజన్స్‌ని ఈ లిస్టు చూసి చెత్తబుట్టలో వేయకండి. మొదటి టర్న్‌లో వేస్తే అది రెండు, మూడు టర్న్‌ల డ్రాలని సర్దిపెడుతుంది, ఆ పనిలో అది బాగానే ఉంటుంది. ఆరో టర్న్‌లో చావుబతుకుల మధ్య ఉన్నప్పుడు మాత్రం ఏ కొమ్మ పట్టుకున్నా దీన్ని పట్టుకోకూడదు.

5. మిగిలిన కార్డులు ఎక్కడికి పోతున్నాయో చూడండి

మీరు వద్దనుకున్న కార్డు ఎక్కడ పడుతుంది? అడుగున, గ్రేవ్‌యార్డ్‌లో, లేదా మళ్లీ పైనే. ఈ మూడింట్లో పైనే ఉండిపోవడం అన్నిటికంటే ప్రమాదం.

బ్రెయిన్‌స్టార్మ్ వేసి రెండు పనికిరాని కార్డులు పైన పెట్టి, షఫుల్ చేసే మార్గం లేకపోతే, తర్వాతి రెండు టర్న్‌లూ ఆ చెత్తనే డ్రా చేస్తారు. ఆటగాళ్లు దీన్ని బ్రెయిన్‌స్టార్మ్ లాక్ అంటారు. పాండర్‌లోనూ ఇలాంటి ఇరుకు ఉంది: మూడింట్లో ఒకటి బాగుండి రెండు చెత్తయితే, మంచిది తీసుకున్నాక ఆ రెండూ వెనకాలే వస్తాయి. ప్రీఆర్డెయిన్‌లో ఆ బాధ లేదు, చెత్తని అడుక్కి తోసేసి ముందుకి పోవచ్చు.

కాబట్టి షఫుల్ లెక్క తీయండి. 60 కార్డుల డెక్‌లో షఫుల్ చేసే కార్డులు 4 ఉంటే, ముందు ఆడే ఆటగాడికి మూడో టర్న్ వచ్చేసరికి (మొత్తం 9 కార్డులు చూసి ఉంటాడు) కనీసం ఒకటి దొరికి ఉండే అవకాశం సుమారు 49 శాతం. 8 ఉంటే సుమారు 75 శాతం. పొల్యూటెడ్ డెల్టా, ఫ్లడెడ్ స్ట్రాండ్ లాంటి ఫెచ్‌ల్యాండ్లు (లైబ్రరీలోంచి ఇంకో ల్యాండ్ వెతికి తెచ్చి షఫుల్ చేసేవి) ఎనిమిదో తొమ్మిదో ఉన్న లెగసీ డెక్‌లో బ్రెయిన్‌స్టార్మ్ రాజులా ఉంటుంది. నాలుగు ఎవాల్వింగ్ వైల్డ్స్‌తో నెట్టుకొచ్చే డెక్‌లో అదే కార్డు సగం ఆటల్లో మిమ్మల్నే ఇరికిస్తుంది.

ఆప్ట్, కన్సిడర్ మధ్య తేడా అంతా ఈ మెట్టులోనే ఉంది. కన్సిడర్ వద్దన్న కార్డుని గ్రేవ్‌యార్డ్‌లో వేస్తుంది. మీ డెక్‌లో ట్రెజర్ క్రూజ్ లాంటి డెల్వ్ కార్డులో (గ్రేవ్‌యార్డ్ కార్డుల్ని తీసేసి ఖర్చు తగ్గించుకునేవి), ఫ్లాష్‌బ్యాక్ కార్డులో, గ్రేవ్‌యార్డ్‌లోంచి తిరిగొచ్చే ఆర్క్‌లైట్ ఫీనిక్సో ఉంటే కన్సిడర్ వేయండి, ఇక చర్చ లేదు. ఏదీ లేకపోతే రెండూ దాదాపు ఒకటే. ఒక్క సందర్భం మాత్రం గుర్తుంచుకోండి: డెక్‌లో ఒకే ఒక్క కాపీ ఉన్న కీలకమైన కార్డు ఇప్పుడు అక్కర్లేదు, తర్వాత కావాలి అనుకోండి. ఆప్ట్‌తో అడుక్కి పంపితే ఎప్పుడైనా షఫుల్ చేసి మళ్లీ ఆశపడొచ్చు, గ్రేవ్‌యార్డ్‌లో పడితే దాన్ని తీసే దారి డెక్‌లో ఉండాలి.

6. ఎప్పుడు వేస్తారు, ఏ రంగు మానాతో వేస్తారు

మీ డెక్‌లో కౌంటర్‌స్పెల్స్ ఉంటే ఇన్‌స్టంట్ విలువ పెరుగుతుంది. ప్రత్యర్థి టర్న్‌లో మానా తెరిచి ఉంచుతారు, అతను భయపడాల్సింది ఏమీ వేయకపోతే టర్న్ చివర్లో ఆప్ట్ వేసుకుంటారు, మానా వృథా కాదు. ప్రీఆర్డెయిన్‌తో ఇది కుదరదు. కానీ మొదటి టర్న్‌లో, చేతిలో ఒక మానాకి వేరే పనేమీ లేనప్పుడు, సోర్సరీ అయినా మీకేం నష్టం లేదు. అందుకే "ఇన్‌స్టంట్ ఎప్పుడూ మేలు" అని కొట్టిపారేయకుండా, మీరు ఆ కార్డుని ఎక్కువగా ఏ టర్న్‌లో వేస్తారో మొదట రాసుకున్న వాక్యంలో చూడండి.

బ్రెయిన్‌స్టార్మ్‌కి ఇన్‌స్టంట్ కావడం వల్ల ఇంకో లాభం ఉంది. ప్రత్యర్థి థాట్‌సీజ్ (మీ చేతిలోంచి ఒక కార్డు పారేయించే స్పెల్) వేస్తే, అది జరిగేలోపే బ్రెయిన్‌స్టార్మ్ వేసి చేతిలోని రెండు మంచి కార్డుల్ని లైబ్రరీ పైన దాచేయొచ్చు.

రంగు విషయం నలుపు జంటలో బాగా కనిపిస్తుంది. నైట్స్ విస్పర్‌కి రెండు మానాలో ఒకటి నలుపు చాలు, సైన్ ఇన్ బ్లడ్‌కి రెండూ నలుపే కావాలి. రెండూ రెండు కార్డులు ఇచ్చి 2 లైఫ్ తీసుకుంటాయి. రెండు, మూడు రంగుల డెక్ అయితే విస్పర్ వైపు వెళ్లండి. పూర్తి నలుపు డెక్ అయితే సైన్ ఇన్ బ్లడ్ చూడండి, అది "టార్గెట్ ప్లేయర్" అంటుంది కాబట్టి 2 లైఫ్ దగ్గర ఉన్న ప్రత్యర్థి మీద వేసి ఆట ముగించేయొచ్చు. ఒక్కోసారి రెండు కార్డులు అతనికివ్వడమే గెలుపు.

7. ఎదుటివాళ్ల కార్డుల్లో పెట్టి చూడండి

మీరు తరచూ ఎదుర్కొనే డెక్‌లలో ఇవి ఉంటే, కార్డుల మధ్య వరస తలకిందులైపోతుంది:

- ఆర్కిష్ బోమాస్టర్స్: మీ డ్రా స్టెప్‌లో మొదటి కార్డు తప్ప మీరు డ్రా చేసే ప్రతి కార్డుకీ ఒక డ్యామేజ్. బ్రెయిన్‌స్టార్మ్‌కి మూడుసార్లు, డివినేషన్‌కి రెండుసార్లు, పాండర్‌కి ఒకసారి, స్లైట్ ఆఫ్ హ్యాండ్‌కి అసలు లేదు
- షియోల్డ్రెడ్, ద అపోకలిప్స్: మీరు డ్రా చేసే ప్రతి కార్డుకీ 2 లైఫ్ పోతుంది. బ్రెయిన్‌స్టార్మ్ అంటే ఏకంగా 6
- నార్సెట్, పార్టర్ ఆఫ్ వెయిల్స్: ప్రతి టర్న్‌లో మీకు ఒక్క డ్రానే. మీ టర్న్‌లో మామూలు డ్రా అయిపోయాక బ్రెయిన్‌స్టార్మ్ వేస్తే ఒక్క కార్డూ రాదు, రెండు వెనక్కి పెట్టడం మాత్రం తప్పదు
- మిస్‌డైరెక్షన్: ఒకే టార్గెట్ ఉన్న స్పెల్‌కి టార్గెట్ మార్చేస్తుంది. మీ సైన్ ఇన్ బ్లడ్ కార్డులు ప్రత్యర్థికి పోతాయి, నైట్స్ విస్పర్‌కి టార్గెట్ లేదు కాబట్టి ఆ గొడవ లేదు

ఇవేవీ మీకు ఎదురుపడని చోట ఆడుతుంటే ఈ మెట్టు దాటేయండి.

8. మొత్తం కలిపి ఒక ఉదాహరణ

పాపర్‌లో నీలం-ఎరుపు డెక్. డెల్వర్ ఆఫ్ సీక్రెట్స్ (అప్‌కీప్‌లో, అంటే టర్న్ మొదట్లో డ్రాకి ముందు, లైబ్రరీ పై కార్డు ఇన్‌స్టంటో సోర్సరీయో అయితే చూపించి బలమైన వైపుకి తిప్పుకునే జీవి), లైట్నింగ్ బోల్ట్, కౌంటర్‌స్పెల్ ఉన్నాయి. పాండర్ నాలుగు ఇప్పటికే పెట్టేశాం. ఇంకో నాలుగు స్లాట్లు ఖాళీ, బ్రెయిన్‌స్టార్మ్ పెట్టాలా, ప్రీఆర్డెయిన్ పెట్టాలా?

వాక్యం: "రెండో టర్న్‌కి ల్యాండ్, తర్వాత బోల్టో కౌంటరో వెతకాలి, వీలైతే డెల్వర్‌ని తిప్పాలి."

చేతి లెక్కలో రెండూ సున్నా. లోతులో రెండూ 3. తేడా ఇంకెక్కడో ఉండాలి. షఫుల్ చేసే ల్యాండ్లు నాలుగే, అంటే మూడో టర్న్‌కి సగం ఆటల్లోనే ఒకటి చేతిలో ఉంటుంది. మిగతా సగంలో బ్రెయిన్‌స్టార్మ్ లాక్ భయం. డెల్వర్ దృష్టితో చూస్తే బ్రెయిన్‌స్టార్మ్‌కి ఒక పాయింట్, చేతిలోంచి ఒక ఇన్‌స్టంట్‌ని పైన పెట్టి అప్‌కీప్‌లో చూపించి తిప్పేయొచ్చు. ప్రీఆర్డెయిన్‌తో అలా కావాలంటే చూసిన రెండింట్లో ఉంచుకోదగ్గ ఇన్‌స్టంటో సోర్సరీయో తగలాలి.

నా తీర్పు: ప్రీఆర్డెయిన్ ముందు, బ్రెయిన్‌స్టార్మ్ తర్వాత. నాలుగు స్లాట్లే ఉంటే నాలుగూ ప్రీఆర్డెయిన్. ఇంకో రెండు దొరికితే అప్పుడు రెండు బ్రెయిన్‌స్టార్మ్‌లు. అవి అప్పుడు ఒంటరిగా ఉండవు: బ్రెయిన్‌స్టార్మ్‌తో రెండు చెత్త కార్డులు పైన పెట్టి, అదే టర్న్‌లో ప్రీఆర్డెయిన్ వేసి రెంటినీ అడుక్కి తోసి, మూడోది డ్రా చేయొచ్చు. పాండర్ షఫుల్ కూడా అదే సాయం చేస్తుంది. ఫెచ్‌ల్యాండ్లు లేని లోటు రెండు కాపీల మేరకు ఇవి తీరుస్తాయి, నాలుగుకి కష్టం.

9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

స్క్రై చేశాక ఫెచ్‌ల్యాండ్ వాడేయడం. ప్రీఆర్డెయిన్, సీరమ్ విజన్స్‌తో పైన మంచి కార్డు ఉంచుకున్నాక షఫుల్ చేస్తే ఆ శ్రమంతా గంగలో కలిసినట్టే. స్క్రై స్పెల్స్‌కి ముందే ఫెచ్ వాడండి.

బ్రెయిన్‌స్టార్మ్‌కి ముందే ఫెచ్ వాడేయడం. ఇది పైదానికి సరిగ్గా వ్యతిరేకం. ఇక్కడ ఫెచ్ ఆగాలి, బ్రెయిన్‌స్టార్మ్ ముందు, షఫుల్ తర్వాత.

పాండర్‌కి ఫెచ్ ఎప్పుడు వాడాలో తెలియక తికమకపడటం. వాడకుండా పట్టుకుని పాండర్ వేయండి. మూడూ బాగుంటే ఫెచ్ ముట్టుకోవద్దు. ఒకటే బాగుంటే దాన్ని డ్రా చేసి ఫెచ్‌తో మిగతా రెండూ కలిపేయండి. మూడూ చెత్తయితే పాండర్ షఫులే చాలు, ఫెచ్ మిగిలినట్టే.

మొదటి టర్న్‌లోనే అలవాటుగా బ్రెయిన్‌స్టార్మ్ వేయడం. చేతిలో వదిలించుకోవాల్సిన కార్డులేవో ఇంకా తెలియదు, షఫుల్ కూడా సిద్ధంగా లేదు. ల్యాండ్ దొరక్క ఇరుక్కుంటే తప్ప ఆపండి, మొదటి టర్న్ పాండర్‌దీ ప్రీఆర్డెయిన్‌దీ.

ట్రెజర్ క్రూజ్ నాలుగు కాపీలు పెట్టి రెండోది చేతిలోనే కుళ్లిపోవడం. దాని పూర్తి ఖర్చు 8 మానా, గ్రేవ్‌యార్డ్ కార్డుల్ని తీసేస్తూ తగ్గించుకోవాలి. మొదటిది వేస్తే గ్రేవ్‌యార్డ్ ఖాళీ. ఒక మానా కాంట్రిప్‌లు (పోయిన కార్డుకి బదులు ఇంకోటి తెచ్చే చవక స్పెల్స్) పన్నెండు దాకా లేని డెక్‌లో రెండు కాపీలతో మొదలుపెట్టండి.

కమాండర్ డెక్‌కి 60 కార్డుల డెక్ లెక్కలే వాడటం. ఆ ఫార్మాట్‌లో బేసిక్ ల్యాండ్లు తప్ప ప్రతి కార్డూ ఒక్క కాపీనే, ఎదురుగా ముగ్గురు ప్రత్యర్థులు ఉంటారు, ఆట సాగుతుంది. ఒకటికి ఒకటి తెచ్చే కార్డుల కంటే సంఖ్య పెంచేవాటికి అక్కడ ముందు చోటివ్వండి.

10. ఒంటరిగా చేసుకోగల పరీక్ష

డెక్ కలిపి ఏడు కార్డులు తీయండి. ముందు ఆడుతున్నారా, తర్వాత ఆడుతున్నారా అనుకుని రెండు మూడు టర్న్‌లు ఊహించి ఆడండి. డ్రా స్పెల్ వేసే సమయం రాగానే ఆగి, పై నాలుగు కార్డులు బోర్లా వరసగా పక్కన పెట్టండి. ఇప్పుడు అవే నాలుగు కార్డుల మీద పోటీలో ఉన్న స్పెల్స్ అన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడండి.

వేసే వరస ముఖ్యం. తక్కువ కార్డులు చూపించే స్పెల్ ముందు, ఎక్కువ చూపించేది తర్వాత. ఆప్ట్‌కి ఒక్కటే తిప్పండి, నిర్ణయం రాసుకోండి. ప్రీఆర్డెయిన్‌కి రెండోది తిప్పండి, రాసుకోండి. ఆ తర్వాత పాండర్‌కి మూడోది. మూడో కార్డు ఏంటో తెలిశాక ప్రీఆర్డెయిన్ నిర్ణయం తీసుకుంటే, మీకు తెలియకుండానే మీరు దానికి అనుకూలంగా ఆడేస్తారు. పాండర్‌తో షఫుల్ చేయాలనుకుంటే ఆ నాలుగూ లైబ్రరీలో కలిపి పైనది తీయండి.

ప్రతిసారీ ఇవి రాయండి:

- ఏ టర్న్, ఏం కావాలి
- ఏ స్పెల్‌తో దొరికింది, ఏ స్పెల్‌తో దొరకలేదు
- తర్వాతి టర్న్ డ్రా మంచిదా, చెత్తా
- షఫుల్ చేతిలో ఉందా
- సోర్సరీ కావడం వల్ల ఇబ్బంది పడ్డారా

ముప్పై సార్లైనా చేయండి. పది పన్నెండుతో ఆపేస్తే అదృష్టమే ఎక్కువ కనబడుతుంది. అప్పటికీ రెండు కార్డులు సమానంగానే తేలితే రెండూ చెరి రెండు కాపీలు పెట్టి నిజమైన ఆటల్లోకి వెళ్లండి, ఏది చేతికొచ్చినప్పుడు విసుగొస్తోందో గమనించండి.

సైడ్‌బోర్డింగ్‌కి (ఆటల మధ్య డెక్‌లో కార్డులు మార్చుకోవడానికి) కూడా ఈ నోట్స్ దాచుకోండి. రెండో ఆటలో కొన్ని కార్డులు తియ్యాల్సి వచ్చినప్పుడు చాలామంది డ్రా స్పెల్స్‌ని ముట్టుకోరు, ఎదురుగా బోమాస్టర్స్ ఉన్నా నాలుగు బ్రెయిన్‌స్టార్మ్‌లూ అలాగే ఉంచుతారు. అలాంటి ఆటలో మీ లిస్టులో సోర్సరీ ఇబ్బందీ, షఫుల్ లేని ఇబ్బందీ ఎక్కువసార్లు ఏ కార్డు పక్కన పడ్డాయో చూసి, ముందు దాంట్లోంచే ఒకటి రెండు కాపీలు తగ్గించండి.